పాస్‌పోర్టులో ‘లెట్’ అచ్చుతప్పు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చే పాఠకుల సందేహాల శీర్షికలో రెండు వారాల కిందట ఒక పాఠకుడు మన పాస్‌పోర్టు ముందు పుటలో ఉన్న ఇంగ్లీషు వాక్యం గురించి అడిగారు. అందులో ‘వితవుట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అని ఉంది. ‘లెట్’ అంటే అనుమతించడం కదా, మరి ‘అనుమతి గానీ ఆటంకం గానీ లేకుండా’ ఈ మనిషిని పోనివ్వండి అని రాష్ట్రపతి పేరిట కోరడమేమిటి అన్నది ఆయన సందేహం. జవాబు రాసినవారు ఆ వాక్యం పొసగడం లేదని ఒప్పుకొని, అది ముద్రణలో దొర్లిన తప్పు కావచ్చుననీ, ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోకపోవడం మన అలసత్వానికి నిదర్శనమనీ తేల్చేశారు. ప్రశ్న చాలా మంచిది, అడిగినవారిని మెచ్చుకోవాలి. జవాబు మాత్రం తప్పు, ఆ వాక్యంలో ‘లెట్’ అంటే ఆటంకమే. ఆ తప్పు కాగితం మీద ఆగి ఉంటే నేనీ ఉత్తరం రాసే శ్రమ పడేవాణ్ణి కాదు. కానీ మరుసటి ఉదయమే మా పక్కింటాయన మీ పత్రిక కత్తిరింపునూ, తన కొడుకు కొత్త పాస్‌పోర్టునూ పట్టుకొని మా ఇంటికి వచ్చి, ‘రైటరు గారూ, ఈ తప్పు సరిచేయమని పాస్‌పోర్టు ఆఫీసుకు ఒక అర్జీ రాసిపెట్టండి, వీసాకు వెళ్లినప్పుడు వాడికేమన్నా అడ్డొస్తుందేమో’ అన్నారు. ‘లెట్’ మీద వచ్చిన అనుమానం అప్పుడే ఒక మనిషికి ‘లెట్’ అయి కూర్చుంది.

నేను ఇంగ్లీషు పండితుణ్ణి కాను. దస్తావేజు లేఖరిగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చెట్టు కింద మొదలుపెట్టి, తరవాత రేకుల గదిలో కూర్చొని, కొన్ని వేల క్రయ దస్తావేజులూ కౌలు పత్రాలూ రాసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. ఈ ‘లెట్’ అన్న మాటతో నాకు పాత వైరం ఉంది కాబట్టే కలం పట్టాను. హైదరాబాదులో వకీళ్లు తయారుచేసి పంపే ఇంగ్లీషు చిత్తుల్లో, కొన్నవారు ఆస్తిని ‘వితవుట్ ఎనీ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అనుభవించవలెనన్న మాట తరచు వస్తుంది. మొదట్లో నేను కూడా ఆ ‘లెట్’ దగ్గర తడుముకొని, దాన్ని మెల్లగా దాటేసి, మన మామూలు మాటలే వేసేవాణ్ణి: ‘ఇందుమీదట మీరు సదరు ఆస్తిని పుత్రపౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో సుఖముగా అనుభవించగలవారు, ఇందుకు నేను గానీ నా వారసులు గానీ ఎట్టి ఆటంకములు కలుగజేయము.’ నాకు అర్థం తెలియకపోయినా దస్తావేజు మాత్రం చెడలేదు.

నా దగ్గర పని నేర్చుకొన్న కుర్రవాడు నాకంటే నిజాయితీపరుడు. ఏ మాటనూ వదలకూడదని నేనే చెప్పాను గనుక, అమెరికాలో ఉన్న ఒకాయన పేరిట తండ్రి కొంటున్న ఎకరం పొలానికి వచ్చిన ఇంగ్లీషు చిత్తును మాటకు మాట దింపుతూ, ‘కొన్నవారు ఎట్టి అనుమతి గానీ ఆటంకము గానీ లేకుండా సదరు భూమిని అనుభవించవలెను’ అని చక్కని దస్తూరీతో రాశాడు. చదివి వినిపిస్తుంటే అమ్మే పెద్దాయన చుట్ట పక్కన పెట్టి, ‘అనుమతి లేకుండా అనుభవించటమేందయ్యా, దాన్ని ఆక్రమణ అంటారు గదా! అమ్మేవాణ్ణి నేను, నా అనుమతితోనే గదా తీసుకొనేది?’ అన్నాడు. ఆయన వేలిముద్ర వేసే మనిషి, అయినా మాటలో ఉన్న మెలిక మా ఇద్దరికంటే ముందు ఆయనకే దొరికింది. ఆ కాగితం పక్కన పడేసి వేరే స్టాంపు కాగితం తీయవలసి వచ్చింది. ఆ రాత్రే నేను తెలిసిన ఇంగ్లీషు అధ్యాపకుడి దగ్గరికి వెళ్లి, పెద్ద నిఘంటువు ముందు పెట్టుకొని, ఈ ‘లెట్’ సంగతేమిటో కనుక్కొన్నాను. అప్పటినుంచి దొరికినప్పుడల్లా దీని గురించి చదువుతూనే ఉన్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఇంగ్లీషులో ‘లెట్’ అన్న క్రియ ఒకటి కాదు, రెండు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో, అంటే 1066లో నార్మనులు ఇంగ్లండును జయించి ఫ్రెంచి మాటలు తెచ్చిపెట్టడానికి పూర్వపు భాషలో, ‘లాటన్’ వంటి ఉచ్చారణతో దీర్ఘమైన అచ్చు ఉన్న క్రియ ఒకటుండేది. దానికి వదలడం, విడిచిపెట్టడం, చేయనివ్వడం అన్న అర్థాలు. ద్విత్వంతో పలికే ‘లెట్టన్’ అన్న క్రియ వేరుగా ఉండేది. దానికి అడ్డుకోవడం, ఆలస్యం చేయించడం అని అర్థం. తరవాతి శతాబ్దాల్లో మొదటిదాని దీర్ఘం కుదించుకుపోయింది, రెండోదాని ద్విత్వం కరిగిపోయింది, రెండింటి చివర ఉన్న క్రియా ప్రత్యయాలు రాలిపోయాయి. మిగిలింది రెండింటికీ ఒకే ‘లెట్’. రూపం ఒకటే, అర్థాలు మాత్రం ఎదురెదురు: ఒకటి పోనిచ్చేది, మరొకటి పోనీయనిది. ఒకే పేరుతో ఒకే వీధిలో ఇద్దరు మనుషులుండి, ఒకరు తలుపు తీసేవారూ మరొకరు గడియ పెట్టేవారూ అయితే ఉత్తరాలు పంచే మనిషికి ఎంత తిప్పలో, కొన్ని వందల ఏళ్ల పాటు ఇంగ్లీషు చదివేవారికి అంత తిప్పలు.

ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. ఆ రెండో ‘లెట్’, అంటే అడ్డుకొనే ‘లెట్’, ఎక్కడినుంచి పుట్టిందో చూస్తే, ‘మందకొడి, ఆలస్యమైన’ అని అర్థమిచ్చే పాత ఇంగ్లీషు విశేషణం నుంచి వచ్చింది. ఆ విశేషణమే నేటి ‘లేట్’. బస్సు లేటు, జీతం లేటు, పెళ్లికొడుకు లేటు అని మన పల్లెటూళ్లలో కూడా తెలుగు మాటలాగే వాడుతున్న ‘లేటు’కు పాస్‌పోర్టులోని ‘లెట్’ స్వయానా రక్తసంబంధి. ఒక మనిషిని ‘లెట్’ చేయడమంటే అతన్ని లేటు చేయడం. పోయేవాణ్ణి నిలేసి ఆలస్యం చేయడం. ‘లాస్ట్’, ‘లాటర్’ కూడా ఆ కుటుంబంలోవే. ఇంకా వెనక్కి పోతే, విడవడం, సడలడం అన్న అర్థమున్న మరీ పాత ధాతువు ఒకటి ఈ రెండు ‘లెట్’లకూ మూలమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అలసినవాడు పట్టు సడలిస్తాడు, అలసినవాడే మందగిస్తాడు. ఒక కొమ్మ ‘విడిచిపెట్టు’ వైపు పోయింది, రెండో కొమ్మ ‘మందగింపజేయు’ వైపు పోయింది. అందువల్ల వీటిని దాయాదులనవచ్చు. పొలం తగాదా పడ్డ దాయాదులు.

ఈ రెండూ పక్కపక్కనే కాపురం చేసిన కాలానికి సాక్ష్యం కావాలంటే 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలు చూడవచ్చు. నిర్గమకాండము 5వ అధ్యాయం మొదటి వచనంలో మోషే అహరోనులు ఈజిప్టు రాజు ఫరో దగ్గరికి వెళ్లి దేవుని మాటగా ‘లెట్ మై పీపుల్ గో’ అంటారు. నా జనాన్ని పోనివ్వు అని. సరిగ్గా మూడు వచనాల తరవాత, 4వ వచనంలో, ఆ రాజు వారిద్దరినీ గద్దిస్తూ మీరెందుకు ‘లెట్ ద పీపుల్ ఫ్రమ్ దెయిర్ వర్క్స్’ అని అడుగుతాడు. జనాన్ని వాళ్ల పనులు చేసుకోనీయకుండా ఎందుకు ఆపుతున్నారు అని. ఒకే పుట, ఒకే మాట. ప్రవక్త నోట అది విడుదల, రాజు నోట అది అడ్డంకి. ఆనాటి చదువరికి ఇందులో తికమక ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే రెండో చోట ‘ఫ్రమ్’ అన్న చిన్న మాట దారి చూపేది. అదే బైబిలులో థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలోనైతే ఆ దారి చూపే మాట కూడా లేదు: ‘హి హూ నౌ లెట్టెత్ విల్ లెట్’ అని ఉంటుంది. ఈనాటి ఇంగ్లీషుతో చదివితే ‘ఇప్పుడు అనుమతిస్తున్నవాడు అనుమతిస్తూనే ఉంటాడు’ అని తలకిందుల అర్థం వస్తుంది. మన తెలుగు బైబిలులో అక్కడ ‘అడ్డగించుచున్నవాడు’ అని నిక్షేపంగా ఉంది. ఇంగ్లీషు తెలిసిన మనవాళ్లు ఎవరైనా 1611 నాటి వాక్యం చదివి తబ్బిబ్బయితే, తెలుగు బైబిలు తెరిచి ఇంగ్లీషుకు అర్థం తెలుసుకోవచ్చు. అలాంటి అవకాశం మనకు అరుదుగా వస్తుంది. 1881లో ఇంగ్లండులోనే కొత్త నిబంధనను సవరించి అచ్చువేసినప్పుడు ఈ ‘లెట్టెత్’ను తీసేసి, నిరోధించడమని స్పష్టంగా చెప్పే వేరే క్రియ వేశారు. అంటే 270 ఏళ్లలో ఆ క్రియ సొంత ఊళ్లోనే జనానికి అర్థం కాని స్థితికి వచ్చిందన్నమాట.

షేక్‌స్పియరు ‘హామ్లెట్’ మొదటి అంకం నాలుగో రంగంలో కూడా ఇదే ఉంది. తండ్రి ప్రేతం రమ్మని సైగ చేస్తుంటే వెంట వెళ్లబోయే రాకుమారుణ్ణి స్నేహితులు గట్టిగా పట్టుకొంటారు. విడిపించుకొంటూ అతను, నన్ను ‘లెట్’ చేసేవాణ్ణి దయ్యాన్ని చేసేస్తాను అంటాడు. నన్ను అడ్డుకొన్నవాణ్ణి చంపుతానని దాని భావం. దీన్ని నేటి అర్థంతో చదివితే, నన్ను వెళ్లనిచ్చినవాణ్ణి చంపుతానన్నట్టు అవుతుంది. ఈ నాటకం పాఠ్యాంశంగా ఉన్న కాలేజీల్లో పరీక్షాపత్రాల్లో ఈ వాక్యానికి ఎన్ని విచిత్రమైన అర్థాలు పుట్టుకొస్తాయో నాకు సలహా ఇచ్చిన అధ్యాపకుడు చెప్పి నవ్వించేవాడు.

అలాంటప్పుడు రెంటిలో ఒకటి ఎందుకు చచ్చిపోయింది, అదీ అడ్డుకొనేదే ఎందుకు చచ్చిపోయింది అన్నది అడగవలసిన ప్రశ్న. రెండు మాటలు ఒకే రూపంలోకి రావడం ఒక్కటే అందుకు కారణం కాదు. తెలుగులో ‘పాడు’ రెండు రకాలు: పాట పాడటం ఒకటి, పాడుచేయడం ఒకటి. ‘గాయం మానింది’, ‘తాగుడు మానాడు’ అంటే మనకెవరికీ అనుమానం రాదు. బట్టలు ఆరతాయి, దీపమూ ఆరుతుంది. ఇవన్నీ తరతరాలుగా హాయిగా కలిసి బతుకుతున్నాయి, ఎందుకంటే ఒకటి కూర్చొనే చోట రెండోది కూర్చోదు. ‘లెట్’ల గతి అది కాదు. ‘అతన్ని లెట్ చేశాడు’ అన్న వాక్యంలో కర్తా అదే, కర్మా అదే, రెండు క్రియలూ అదే పీట మీద కూర్చుంటాయి. వాక్యం మాత్రం అవునో కాదో చెప్పదు. కాపలావాడికి పంపే ఆజ్ఞలో ఇటువంటి మాట ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. అందువల్ల జనం ఒకదాన్ని క్రమంగా వదులుకొన్నారు. పోనిచ్చే ‘లెట్’ దగ్గర పని ఎక్కువ. అది లేకపోతే రోజు గడవదు. అడ్డుకొనే ‘లెట్’కు బదులు చెప్పడానికి మాత్రం వేరేవాళ్లు వరసలో సిద్ధంగా ఉన్నారు.

ఆ వరసలో ఉన్నవాళ్ల చరిత్ర కూడా సరదాగానే ఉంటుంది. ‘హిండర్’ అన్నది ‘బిహైండ్’కు బంధువు, వెనక్కి ఉంచడం, వెనక్కి లాగడం అని దాని తొలి భావం. ‘ప్రివెంట్’ లాటిను నుంచి వచ్చింది. అక్కడ దానర్థం ముందుగా రావడం, అంతే. అదే 1611 బైబిలులో ‘ప్రివెంట్’ అంటే ఒకరికంటే ముందు వెళ్లడమే తప్ప ఆపడం కాదు. ముందుగా వెళ్లినవాడు దారికి అడ్డంగా నిలబడితే వెనకవాడు ఆగిపోతాడు గనుక, ఆ మాట కాలక్రమంలో నిరోధించడమన్న అర్థంలోకి దిగింది. మనం ‘ముందరి కాళ్లకు బంధం వేశాడు’ అంటాం. ఇంగ్లీషువాడు ముందుకొచ్చి ఒక మాటతోనూ, వెనక్కి లాగి మరో మాటతోనూ, లేటు చేసి ఇంకో మాటతోనూ ఆ పనే చేశాడు. మూడింటిలో లేటు చేసేదే లేటైపోయింది.

అయితే క్రియగా పోయినా, నామవాచకంగా అది పూర్తిగా పోలేదు. చట్టం రాసేవాళ్లు ఒక మాటకు తోడు ఇంకో మాట వేసుకొని రాస్తారు, ఒకటి జారినా రెండోది పట్టుకొంటుందని. ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’ అటువంటి జంట. జంటలో ఒకటి భాషలో అందరికీ తెలిసినదైతే, దాని భుజం పట్టుకొని రెండోది ఎంతకాలమైనా నడుస్తుంది. మనకిది కొత్త కాదు. గొడ్డూ గోదా అంటాం, పొలం పుట్రా అంటాం, రాళ్లూ రప్పలూ అంటాం. ‘మా ఇంట్లో రెండు గోదలున్నాయి’ అని గానీ, ‘కాలికి రప్ప తగిలింది’ అని గానీ ఇవాళ ఎవరంటారు? అయినా జంటలో వచ్చినప్పుడు ‘ఈ గోద అచ్చుతప్పు’ అని మనం అర్జీ పెట్టుకోం. పాస్‌పోర్టులో ‘లెట్’ కూడా సరిగ్గా ఆ ‘గోద’ వంటిదే.

అది అచ్చుతప్పు కాదనడానికి పాస్‌పోర్టులోనే రెండు రుజువులున్నాయి. శీర్షిక రాసినవారు ఆ పుటను ఇంకొక్కసారి చూసి ఉంటే సరిపోయేది. మొదటిది, అదే వాక్యంలో పాస్‌పోర్టుదారును పోనివ్వండి అని చెప్పడానికి ‘అలౌ’ అన్న క్రియ వాడారు. పోనివ్వడమన్న పని ‘అలౌ’ చేస్తుండగా దాని పక్కనే ‘లెట్’ వచ్చిందంటే అది పోనిచ్చే ‘లెట్’ కాదని తెలియాలి. రెండోది, ఆ ఇంగ్లీషు వాక్యానికి తోడుగానే ఉన్న హిందీ వాక్యంలో ఆ చోట ‘బినా రోక్ టోక్’ అని ఉంది, అంటే అడ్డూ ఆటంకమూ లేకుండా అని. హిందీ రాసినవారు ‘లెట్’ను అనుమతి అనుకోలేదు, పైగా జంటకు జంట వేశారు. బ్రిటిషువారి పాస్‌పోర్టులోనూ ఇదే ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’ ఈనాటికీ ఉంది. రాణి పోయి రాజు వచ్చినప్పుడు పాస్‌పోర్టులో ‘హర్’ అన్న మాట ‘హిజ్’ అయింది గానీ, ఈ ‘లెట్’ జోలికి ఎవరూ పోలేదు.

కిందటి వేసవిలో అమెరికా నుంచి వచ్చిన మా మనవరాలు నా బల్ల మీద తన పాస్‌పోర్టు పెట్టి మరిచిపోతే, ఖాళీగా ఉన్నవాణ్ణి గనుక నాదీ పక్కన పెట్టి రెండూ చదివాను. అమెరికావాళ్లు కూడా అలాంటి వాక్యమే వేసుకొన్నారు. కానీ అందులో ‘లెట్’ లేదు. ‘వితవుట్ డిలే ఆర్ హిండ్రెన్స్’ అని ఉంది. ఆలస్యం గానీ ఆటంకం గానీ లేకుండా అని. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానంటే అతిశయోక్తి కాదు. పాత మాటను తీసేసి కొత్త మాట వేసేటప్పుడు, వెయ్యేళ్ల కిందట ఆ పాత మాటకు పుట్టుకతో ఉన్న అర్థమేదో, సరిగ్గా ఆ అర్థమున్న మాటే దాని స్థానంలో కనిపిస్తోంది. ‘ఏమిటి తాతయ్యా, నా పాస్‌పోర్టులో తప్పుందా?’ అని ఆ పిల్ల కంగారు పడింది. తప్పేమీ లేదమ్మా, నీ పాస్‌పోర్టులో నా పాస్‌పోర్టుకు అర్థం రాసి ఉంది అని చెప్పాను.

ఆటలు చూసేవారికి ఇంకో రుజువు. హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచినప్పుడు మన ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లందరూ ఆ మాట విన్నారు: సర్వీసులో బంతి వలను తాకి అవతల సరైన గడిలో పడితే ‘లెట్’ అంటారు, ఆ సర్వీసును మళ్లీ చేయాలి. చాలామంది పిల్లలు దాన్ని ‘నెట్’ అనుకొంటారు, అనుకోవడంలో వాళ్ల తప్పు కూడా లేదు. అయితే పక్క కోర్టులోంచి బంతి దొర్లుకొంటూ వచ్చినప్పుడు కూడా ‘లెట్’ అనే అంటారు, అక్కడ వలతో సంబంధమేమీ లేదు. ఆటకు అడ్డు తగిలింది, కాబట్టి మళ్లీ ఆడండి అని దాని భావం. టెన్నిసు నియమావళిలో ‘లెట్’ కొక నియమం, ‘హిండ్రెన్స్’ కొక నియమం విడివిడిగా ఉన్నాయి. పాస్‌పోర్టులో జంటగా ఉన్నవి రెండూ అక్కడ వేరు కాపురం పెట్టాయి. స్క్వాషు ఆడేవారు గోడకూ ప్రత్యర్థికీ మధ్య ఇరుక్కొని కొట్టలేకపోయినప్పుడు రిఫరీని ‘లెట్’ అడుగుతారు. అనుమతి అడగడం కాదది. నాకు అడ్డు తగిలింది, గమనించండి అని చెప్పుకోవడం.

ఇక పోనిచ్చే ‘లెట్’ సంగతి. దాని ఊరేగింపు మన వీధుల్లో రోజూ చూస్తూనే ఉన్నాం. గేటుకు వేలాడే ‘టు లెట్’ అట్టముక్క అదే. ఇంటిని విడిచి ఇంకొకరికి ఇవ్వడమన్న అర్థం ఈ క్రియకు పాత ఇంగ్లీషులోనే ఉంది. ‘లీజు’ అన్న మాట చూడటానికి దీని తోబుట్టువులా ఉంటుంది గానీ కాదు. అది లాటినులో వదులుచేయడమన్న అర్థమున్న మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండు వేర్వేరు భాషలవాళ్లు, ఒకరినొకరు అడగకుండానే, అద్దెకివ్వడాన్ని ‘వదలడం’గానే ఊహించారు. మనం మాత్రం ‘అద్దెకు ఇవ్వడం’ అంటాం. మన దగ్గర వదలడం అద్దెకున్నవాడి పని, అదీ బతిమాలితే. ‘కౌలు’ అరబ్బీ నుంచి వచ్చిన మాట, అక్కడ దానికి ‘మాట’ అనే అర్థం. ఇచ్చిన మాట మీద భూమి ఇవ్వడం కౌలు. నా వృత్తిలో ఈ నాలుగింటినీ ఒకే పత్రంలో వాడినరోజులున్నాయి.

ఈ ‘టు లెట్’ లోంచి పుట్టిన ‘సబ్‌లెట్’లో, అంటే అద్దెకున్నవాడే మళ్లీ ఇంకొకరికి అద్దెకివ్వడంలో, ఒక చమత్కారం ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టంలో, యజమాని రాతపూర్వకమైన సమ్మతి లేకుండా ఇంటిని ‘సబ్‌లెట్’ చేయడాన్ని అద్దెదారును ఖాళీ చేయించడానికి ఒక కారణంగా పెట్టారు. అంటే ‘లెట్’ అంటే అనుమతి అని పాఠం చెప్పుకొన్న పిల్లవాడికి, చట్టంలో దాని చుట్టూ ఉన్న గొడవంతా అనుమతి లేకపోవడం గురించే అని తెలిస్తే మళ్లీ తల తిరుగుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం రాసినవారు ఈ విషయంలో జాగ్రత్తపరులు. అద్దె సక్రమంగా చెల్లించే కౌలుదారు గడువంతా ‘వితవుట్ ఇంటరప్షన్’ ఆస్తిని అనుభవించవచ్చు అని 108వ సెక్షనులో రాశారు. వాళ్లక్కడ ‘లెట్’ వాడలేదు. అద్దెకిచ్చే సెక్షనులో ‘వితవుట్ లెట్’ అని రాస్తే చదివేవాడి గతి ఏమయ్యేదో వాళ్లకు తోచిందో ఏమో, అది నా ఊహ మాత్రమే. చట్టం వదిలేసిన ఆ మాటను మా వకీళ్లూ లేఖరులూ మాత్రం చిత్తుల్లో మోసుకొంటూ వచ్చారు.

నిజానికి పోనిచ్చే ‘లెట్’ కూడా ఇప్పుడు పోనివ్వడం ఒక్కటే చేయడం లేదు. ‘లెట్ అజ్ గో’ అంటే మమ్మల్ని వెళ్లనివ్వండి అని ఒక అర్థం, వెళ్దాం పదండి అని ఇంకో అర్థం. రెండో దానిలో ఎవరూ ఎవరికీ అనుమతి ఇవ్వడం లేదు, అది మన ‘దాం’ ప్రత్యయం చేసే పని చేస్తోంది. గణితంలో ‘లెట్ ఎక్స్ బి’ అని మొదలయ్యే వాక్యాన్ని తెలుగు మాధ్యమం పుస్తకాల్లో ‘ఎక్స్ అనుకొనుము’ అని రాశారు. ఎవరు రాశారో గానీ మహానుభావులు; ‘ఎక్స్‌ను ఉండనిమ్ము’ అని రాసి ఉంటే మా తరంలో సగం మంది ఆ పుట దాటేవాళ్లం కాదు. ఆ అనువాదకుడు మాటకు నిఘంటువులో అర్థం వెతకలేదు, వాక్యంలో అది చేస్తున్న పని చూశాడు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. బడి పిల్లలకు అమ్ముతున్న ఇంగ్లీషు తెలుగు జేబు నిఘంటువుల్లో నేను చూసిన మూడింటిలో ‘లెట్’ ఎదుట అనుమతించు, అద్దెకిచ్చు అని రెండే ఉన్నాయి. ఆటంకమన్న నామవాచకం ఒక్కదానిలోనూ లేదు. పాస్‌పోర్టు చేతిలో ఉన్న ప్రతి తెలుగువాడి దగ్గరా ఆ నామవాచకం ఉండగా, దాని అర్థం నిఘంటువులో ఉండదు. మీ శీర్షిక రాసినవారు బహుశా అటువంటి పుస్తకమే చూసి ఉంటారు; నేనూ ఒకప్పుడు అదే చూశాను, అందుకని ఆయన మీద నాకు కోపం లేదు. కానీ నిఘంటువులో కనబడని అర్థం లేనే లేదనీ, కాబట్టి కాగితమే తప్పనీ తేల్చడం తొందరపాటు. దస్తావేజుల్లో మాకొక అలవాటు ఉంది: పాత పత్రంలో అర్థం కాని మాట కనిపిస్తే కొట్టివేయం, దాని కింద గీత గీసి, అది ఏ సంవత్సరంలో రాసినదో చూస్తాం. మాట వయసు తెలిస్తే అర్థం సగం తెలిసినట్టే. ‘కైంకర్యం’ అన్న మాట గుడి శాసనంలో కనిపిస్తే ఒక అర్థం, ఈనాటి ఆడిట్ రిపోర్టులో కనిపిస్తే ఇంకో అర్థం. శాసనంలో ఉన్న పుణ్యాత్ముడు దేవుడి సొమ్ము తిన్నాడని ఎవరైనా రాస్తే మనం ఊరుకొంటామా?

కనుక నేను కోరేది ఇది. వచ్చే ఆదివారం ఆ శీర్షికలోనే, అదే స్థలంలో, పాస్‌పోర్టులో ‘లెట్’ అంటే ఆటంకమనీ, అందులో ముద్రణా దోషమేమీ లేదనీ, ఎవరూ సవరణ కోసం దరఖాస్తు చేయనక్కర లేదనీ నాలుగు వాక్యాలు వేయించండి. చోటు ఉంటే టెన్నిసు సంగతీ, అమెరికా పాస్‌పోర్టు సంగతీ కూడా చేర్చండి, పిల్లలకు బాగుంటుంది. మా పక్కింటాయనకు నేనివన్నీ గంటసేపు చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. చివరికి, ‘మీరు చెప్పింది నిజమే కావచ్చు రైటరు గారూ, కానీ పేపర్లో అలా పడింది కదా’ అన్నారు. ఆయన అర్జీ కోసం తెచ్చిన తెల్ల కాగితాలు రెండూ, వాటిమీద బరువుగా పెట్టిన కత్తిరింపూ ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. మీ సవరణ అచ్చయ్యేదాకా తీసుకుపోనన్నారు.

భవదీయుడు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
తెనాలి